ఉబ్బిన బ్యాటరీ

రాయదుర్గం బస్టాండు పక్కన, లాప్‌టాప్‌లు బాగుచేసే దేవేంద్ర అంగడి. మధ్యాహ్నం. బల్లకు ఇవతల, కోడలి లాప్‌టాప్ తెచ్చిన రామాంజినమ్మ.

"చెయ్యి పెట్టొద్దు పెద్దమ్మా! నొక్కొద్దు అంటాండానా లేదా?"

"ఊరికే చూస్తాండానప్పా దేవేంద్రా."

"నొక్కితే మంటొస్తాది. చూడు, బ్యాటరీ పూరీ మాదిరి ఎట్ల ఉబ్బిందో. ఆరు నెలల్లో ఇది రెండోది. మీ జయంతికి ఎన్నిసార్లు చెప్పాల?"

"నువ్వు చెప్పినట్లే చేస్తాదప్పా."

"ఏం చేస్తాది? పూర్తిగా అయిపోయేదాకా వాడొద్దు, ఇరవై శాతానికి వస్తానే చార్జింగు పెట్టమంటి."

"పెడ్తాది."

"ఎనభై దాటనియ్యొద్దంటి. ఆడికి ఆగేటట్ల నేనే సెట్ చేసిస్తిని."

"అట్లనే ఉండాది. దాన్ని ముట్టుకోలే."

"పరుపు మీద పెట్టి వాడ్తాందా? గాలాడకుంటే కాగుతాది."

"చెక్కబల్ల మీదే. నువ్వు చెప్పినవన్నీ రాసి గోడకు అంటించింది. చదువు రాని నాకు గూడా నోటికొచ్చినాయి."

"మరి ఎట్ల ఉబ్బిందమ్మా? ఎట్ల?"

"ఏమో. నాకేం తెలుసు."

"ఈడ చూడు, అడుగున. ప్లాస్టిక్కు వంగింది. రబ్బరు బిళ్లలు కరిగి జారినాయి. చార్జింగుతో ఇట్ల కాదు. ఎండలో పెట్టినారు. బండ మీదో, రేకు మీదో."

"ఏమో..."

"ఏమో ఏమో అంటే ఎట్ల? మన ఎండ సంగతి తెలీదా?"

"మర్చిపోయిందేమో."

"రెండుసార్లు మర్చిపోతాదా? జీన్సు యూనిట్టుకు కటింగ్ డిజైన్లు గీసే మనిషి. గీత ఇంత పక్కకు పోనియ్యదు. ఆయమ్మ మర్చిపోతాదా?"

"సోమవారం లోపల అయితాదా, అది చెప్పు. ఇంగోసారి కరెంటు పోయి పని మధ్యలో నిలిచిపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారంట. పిల్ల నిన్నట్నుంచి కూడు తినలే."

"అయితాది. ఏం లాభం? కొత్తది వేసిస్తే మళ్లా ఎండలో పెడ్తారు. విసుగొస్తాంది నాకు. ఒక పని చెయ్యి, మీ శశిని నా కాడికి పంపు."

"శశిని వద్దు."

"మొగుడు చెప్తేనన్నా ఆయమ్మ..."

"వద్దంటాండా కదప్పా!"

"ఎందుకట్ల అరుస్తావు? కొడుకు ఇంట్లోనే ఉంటాడు కదా, చూసుకోమను."

"వాడు చూసుకున్నందుకే ఇట్లయింది."

"ఏంది?"

"పిల్ల నీళ్లకు పోతే చాలు, తీసుకపోయి కొట్టం రేకుల మీద పెడ్తాడు. పిల్ల వచ్చేలోపల మళ్లా బల్ల మీద పెట్టేస్తాడు. నిన్న నా కండ్లతో చూసినా."

"సొంత పెండ్లాం వస్తువును? ఎందుకు?"

"ఊర్లో వాణ్ని జయంతి మొగుడు అని పిలుస్తాండారంట. ఆ మంట."

"ఇంతసేపు నన్ను ఆయమ్మనే తిట్టనిస్తివి కదా పెద్దమ్మా."

"కన్నకొడుకప్పా. నోరు రాలే."

"జయంతికి తెలుసా?"

"పొద్దున నేనే చెప్పినా. ఏడ్వలే, అరవలే. గుడ్డలు సర్దుతాండాది."

"అయ్యో, ఆపకపోయినావా? ఇప్పుడు పుట్టింటికి పోతే ఆ పని గూడా పాయె."

"సర్దుతాండేది దాని గుడ్డలు కాదప్పా, శశివి. సర్దమన్నది నేనే."