మేమే చూసుకుంటం

హలో… ఆ, నేనే అన్నా, అనురాధను. జగిత్యాల గల్ఫ్ సంఘం ఆఫీసు నుంచి.

…మంచిగనే ఉన్నడు బాబు. నిన్ననే అచ్చినం సిరిసిల్లకెల్లి. పురిటికి పోయి మూడు నెలలు దాటిపాయె.

దేవేందరన్నా, ఫోన్ చేసింది గందుకు కాదు. నిరుడు మన గల్ఫ్‌కు పోయినోళ్ల వివరాలు పెట్టనీకి రెండు చెప్పినవ్ చూడు… ఆ, గవే, క్లౌడ్ డేటాబేసులు. నెలనెల కట్టేదొకటి, ఫ్రీదొకటి. నేను ఫ్రీది తీసుకుంటి. ఇప్పుడు పైసలు కట్టేదానికి మారొచ్చా?

…ఏం మార్చాలె అంటే…

తెరిస్తె ఖాళీగున్నదన్నా. ఒక్క పేరు లేదు.

…ఉన్నయ్, మెయిల్స్ ఉన్నయ్. నాలుగు. తొంభై రోజులు ఎవ్వరు తెరువకుంటె తీసేస్తమని. నేను మంచంల ఉంటి, ఎవలు చూస్తరు?

బ్యాకప్ తియ్యలే. వాళ్లే తీస్తరనుకున్న. మేనేజ్డ్ డేటాబేస్ అంటే ఏందని అడిగితె నువ్వే గదా అన్నవ్, అంతా వాళ్లే చూసుకుంటరని…

…అవు. ఫ్రీ దాంట్ల గట్ల ఉండదని గూడ చెప్పినవ్. నేనే ఇనలే.

కాయితాలా… కంప్యూటర్ల ఎక్కినయ్ గదా అని నేనే కాలవెట్టిచ్చిన.

…ఆ కంపెనోళ్లను అడిగిన. వాళ్లకు ఫోన్ లేదు, చాటింగే. మూడుసార్లు అడిగితె మూడుసార్లు గదే జవాబు. తిరిగి రాదట.

మిగిలినోళ్లవి ఇల్లిల్లు తిరిగి మల్ల రాసుకుంటనే. పోశందెట్ల?

ముత్యంపేట పోశం, అన్నా. ఆరు నెలల సంది జాడ లేదు. ఏ లేబర్ క్యాంపుల ఉండెనో రాసి పంపుమని ఇయ్యాలనే ఎంబసీ నుంచి మెయిల్ అచ్చింది. ఆఖరుసారి ఫోన్ చేసి గా క్యాంపు పేరు నాకే చెప్పిండు. వాళ్లామె లక్ష్మవ్వకు రాయరాదు గదా. నేనే టైప్ కొట్టుకున్న.

…యాదికొస్తలేదు. అరబ్బీ పేరు. 'స' తోని మొదలైతది… పొద్దటిసంది గదే గుంజుకుంటున్న.

పోశంను పంపేటప్పుడు కోరుట్ల ఏజెంటు గూడ గట్లనే అన్నడట లక్ష్మవ్వతోని. 'అంతా మేమే చూసుకుంటం' అని. ఇప్పుడు ఆ ఏజెంటు ఫోనే బంద్.

…ఏది మంచిదో ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా అన్నా. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టే. నాకు భయమైతున్నది.

ఒక్క నిమిషం… ఆమెనే అచ్చింది. గడప కాడ నిలవడ్డది.

రా లక్ష్మవ్వా, కూసో… ఆ, ఎంబసీ నుంచి అచ్చింది… లే, ఏం కాలే. నువ్వు రంది వెట్టుకోకు. అంతా మేమే చూసుకుంటం.

…

అన్నా… ఇన్నవా, నేనేమన్ననో?

…పెట్టేస్తున్న.