నూలుపోగు లేని తూకం

1991 జూన్ 17, సోమవారం ఉదయం మా ఆసుపత్రి నవజాత శిశు విభాగంలో ఒక యువ వైద్యురాలు బాధ్యతలు స్వీకరించారు. వారే మా మేడం. ఆనాటికి నేనింకా పుట్టలేదు కనుక, తొలినాళ్ల విశేషాలను సీనియర్ నర్సక్కల నోట విన్నంత మేరకు మనవి చేస్తున్నాను. ఆసుపత్రి కంప్యూటర్లు బాగుచేసుకునే నాకు మేడం సన్మానానికి ఈ అభినందన రాసే గౌరవం ఎలా దక్కిందంటే, "నీకు టైపింగ్ వచ్చుగా, నువ్వే రాసెయ్" అన్నారు. అంతకు మించిన అర్హత నాకేమీ లేదు.

ఆ రోజుల్లో పిల్లలు మొదటి అంతస్తులో, తల్లులు రెండో అంతస్తులో ఉండేవారట. చేరిన వారంలోనే మేడం అప్పటి పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లి, "బిడ్డ ఇక్కడ, తల్లి అక్కడ, పాలేమో మెట్ల మీద! ఈ పిల్లలు ఎప్పుడు ఒళ్లు చేస్తారు సార్?" అని అడిగేశారట. ఆయన జాగా లేదన్నారు. ఆ మాట ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు. మేడం విభాగాధిపతి అయిన మర్నాడే తన గది ఖాళీ చేసి, బల్లను వరండాలో స్తంభం పక్కకు జరిపించుకుని, ఆ గదిలో తల్లులకు మంచాలు వేయించారు. బక్కపలచని పిల్లలను తల్లి గుండెలకు ఆనించి వెచ్చగా ఉంచే పద్ధతి మా దగ్గర ఆ గదిలోనే మొదలైంది. నేటికీ మేడం బల్ల వరండాలోనే ఉంది. వానొస్తే ఫైళ్లకు గొడుగు పట్టేది అటెండరన్న.

ఇక మేడంకు "తూకాల డాక్టరమ్మ" అన్న బిరుదు రావడానికి కారణం వారి నియమం. పుట్టిన తొలిరోజుల్లో ఏ బిడ్డయినా కాస్త తగ్గుతుంది, దానికి కంగారు లేదు. ఆ తర్వాత మాత్రం వరుసగా పెరుగుతుండాలి. ఇంటికి పంపే ముందు బిడ్డను మేడం స్వయంగా తూచాలి. ఎవరు సిఫారసు చేసినా ఈ నియమానికి మినహాయింపు లేదు.

గత ఏడాది నెలలు నిండకముందే పుట్టిన ఒక పాప మా వార్డులో ఉండేది. రెండు వారాలు దాటినా పుట్టినప్పటి బరువుకైనా చేరలేదు. రోజూ తూకం కాగానే తల్లి గోడవైపు తిరిగి ఏడ్చేది. ఒక ఉదయం పాప అమ్మమ్మ, "నేనే పడుకోబెడతాలే అమ్మా" అంటూ నర్సు చేతిలోంచి పాపను అందుకుని, గుడ్డలో చుట్టి త్రాసు మీద పెట్టారు. అంకె ఒక్కసారిగా ఎగబాకింది. కంప్యూటర్ తెర మీద పాప బరువు గీత నిట్టనిలువుగా లేచింది. తల్లి నవ్వింది. అమ్మమ్మ అప్పుడే సంచీ సర్దడం మొదలుపెట్టారు.

మేడం వచ్చి అభినందించి, అలవాటు ప్రకారం గుడ్డ విప్పారు. లోపల ఇంకో గుడ్డ. దాని లోపల ఉన్ని శాలువా. చివరికి ఎక్కడో పాప.

"అమ్మమ్మ గారూ, ఒళ్లు చేసింది శాలువా అండీ, మీ మనవరాలు కాదు."

వార్డంతా నవ్వబోయి ఆగిపోయింది. అమ్మమ్మ ముఖం చిన్నబోయింది. "ఆ అంకె చూసినప్పుడల్లా నా కూతురు ఏడుస్తోంది డాక్టరమ్మా. ఒక్క రోజన్నా నవ్వుతుందని..."

"కూతురి ఏడుపు ఆపారు సరే. మనవరాలి ఆకలి దాచేశారు కదా!" అన్నారు మేడం, గొంతు పెంచకుండానే.

తల్లి మళ్లీ గోడవైపు తిరిగింది. "నా పాలే చాలట్లేదు మేడం. నా వల్ల కాదు. డబ్బా పాలు రాసెయ్యండి."

"అవసరమైతే తప్పకుండా రాస్తాను, అందులో నామోషీ ఏం లేదు. ముందు ఈ పూట నన్ను నీ పక్కన కూర్చోనివ్వు తల్లీ."

కూర్చున్నారు. వరండాలో జనం ఎదురుచూస్తున్నా కదల్లేదు. పాప దవడ ఆడుతోంది కానీ గుటక పడటం లేదు. అందీ అందనట్టు పట్టుకుని, రెండు చప్పరింపులకే నిద్రలోకి జారుకుంటోంది. మేడం పాప ఒళ్లంతా తల్లి వైపు తిప్పి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, దగ్గరకు చేర్చారు. తాగడం ఆపేశాక చేత్తో పిండిన పాలు చెంచాతో పట్టమన్నారు.

"అమ్మమ్మ గారూ, మీ డ్యూటీ గుటకలు వినడం. పాప కునికితే అరికాలు రుద్దండి. శాలువా మాత్రం నా దగ్గరే ఉంటుంది."

"వినపడుతోంది డాక్టరమ్మా! ఇదిగో, ఇంకోటి!" అని అమ్మమ్మ వార్డంతా వినపడేలా అరిచారు.

మర్నాడు అంకె కదల్లేదు. తల్లి ఏడవలేదు, మళ్లీ ఒడిలోకి తీసుకుంది. ఆ తర్వాతి రోజు కాస్త కదిలింది. ఆపై రోజూ పెరిగింది. పుట్టినప్పటి బరువు దాటిన రోజున మేడం తల్లినే అంకె చదవమన్నారు. ఆమె గట్టిగా చదివింది. అమ్మమ్మ రెండు చేతులూ పైకెత్తి, "చూసుకోండర్రా! ఒంటి మీద నూలుపోగు లేదు!" అని కేక వేశారు. పక్క మంచాల తల్లులు చప్పట్లు కొట్టారు. పెరుగుదల నిలకడగా ఉందని తేలాక, ఆ తల్లి పాపను పొదువుకుని, మెట్ల దగ్గర ఎవరి సాయమూ అడగకుండా దిగి వెళ్లింది.

అలా దిగి వెళ్లిన తల్లులు ఎందరో మేడం కూడా లెక్కపెట్టలేదు. ఇన్నేళ్లూ మేడంను మాకు అరువిచ్చిన వారి కుటుంబానికి మా కృతజ్ఞతలు.

మేడం, మీరు ఆయురారోగ్యాలతో నిండుగా జీవించాలి. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు మీరు ఎత్తుకున్న పిల్లలు, మీరు తలెత్తి చూడాల్సినంత పొడుగు పెరిగి, ఒక్కొక్కరే వచ్చి మీ ఎదుట నిలబడాలి. వాళ్లందరూ వచ్చి వెళ్లేసరికి ఎంత కాలం పడుతుందో, అంత కాలం మీరు చల్లగా ఉండాలని మా అందరి ఆకాంక్ష.