మాట అందించొద్దు

(గురజాల సబ్‌జైలు, 1946 ఎండాకాలం. ఊచలకి ఇవతల పిచ్చమ్మ, మిషన్ బడి పంతులు నెహెమ్యా. అవతల పిచ్చమ్మ కొడుకు ఏసోబు.)

"ఇంతకీ ఆ మాటకి అర్థమేందో తేలిందా, లేదా? అది చెప్పండి పంతులుగారూ."

"తేలలేదు పిచ్చమ్మా. హెబ్రీ బైబిల్లో అది ఒక్కచోటే ఉంది. ఇంకోచోట ఉంటే పోల్చి చూసుకునేవాళ్ళం. గుంటూరు మిషన్ దొరగారు మూణ్ణెల్లుగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. మేం దిద్దుతున్న తెలుగు బైబిల్లో మాత్రం నత్తివాడనే పెట్టాం."

"మరింకేం. నా కొడుకే గదా. అట్టాటోడి నాలిక తేటగా తిరిగే రోజొచ్చిద్దని ఆడ రాసుందని మీరే చదివి చెప్పారు. వీడికప్పుడు అయిదేళ్ళు. మాట రావాలని వసకొమ్ము అరగదీసి నాలిక్కి రాస్తుంటే, అది మానేసి ప్రార్థన చేసుకోమన్నారు."

"అన్నాను. అయితే దొరగారేమంటారంటే, ఆ అక్షరాలు అటూ ఇటూ మారితే వెక్కిరించటమని వస్తుందంట. అది నత్తివాడి పేరా, వాణ్ణి చూసి నవ్వినవాళ్ళు తగిలించిన పేరా అని..."

"ఎవురు తగిలిస్తే నాకేంది? సోమవారం గుంటూరు కోర్టుకి వస్తారా, రారా?"

"పొద్దున సంకటి పెట్టారా ఏసోబూ?"

"నా మాటకి బదులు చెప్పకుండా వాణ్ణడుగుతారేంది? చూడండి, తలకాయ ఊపాడు. ఒరేయ్, నిజంగా పెట్టారా? అదుగో, ఇప్పుడు అడ్డంగా ఊపుతున్నాడు. ఇదీ వీడి సంగతి. ఎవురు ఏ మాట అందించినా ఔనంటాడు, ఆ బాధ అయిపోతే చాలని. మీకు తెలవందా?"

"తెలుసు."

"బళ్ళో ఆ అలవాటు చేసింది మీరే గదా."

"పిల్లలు నవ్వుతున్నారని పిచ్చమ్మా. నోరు తిరక్కపోతే ఊరికే తలకాయ ఊపరా, నేను చూసుకుంటా అన్నాను. మేలు చేస్తున్నాననే అనుకున్నా."

"ఆ మేలే ఇయ్యాళ మెడకి చుట్టుకుంది. గోపాలకృష్ణయ్యగారి చొప్పవామి మిట్టమధ్యాన్నం తగలబడింది. దాని నీడన పడుకున్న కావిలి యల్లమంద కాలి చచ్చిపోయాడు. నా కొడుకు వంక కాడ గొడ్లకి నీళ్ళు పెడుతున్నాడు. వీడు అంటించటం ఎవురు చూశారు? ఎవురూ చూళ్ళేదు. మేజిస్ట్రేటు ముందు వీడే ఒప్పుకున్నాడని కాయితం రాశారంట. ఎట్టా రాశారు? వీడి నోట్లో నాలుగు మాటలు రావాలంటే పూట పట్టిద్ది."

"ఆ నత్తి నాటకమనుకున్నారు. ఆదివారం గుళ్ళో పాట గుక్క తిప్పుకోకుండా పాడతాడని ఎవరో చెప్పారు."

"పాటకి నత్తి రాదు. చెప్పొద్దా ఆ ముక్క? ఆడ చెప్పేవోడు ఒక్కడూ లేడా?"

"వాడి మాట తెలిసినవాణ్ణి పిలిపించారు. వాడు చెప్పింది విని, మేజిస్ట్రేటుగారికి చెప్పటానికి."

"ఎవుర్ని?"

"కోర్టువాళ్ళు... ఎవరో ఒకర్ని..."

"వీడి మాట తెలిసినోళ్ళు మన పల్లెలో ఎంతమంది పంతులుగారూ? నేనూ, మీరూ. నన్ను పిలవలా."

"ఎండెక్కింది పిచ్చమ్మా. నీడకి జరుగు."

"నన్ను పిలవలా అంటున్నా."

"నేనే పిచ్చమ్మా. ఆ కాయితం మీద సంతకం నాదే."

"మీదా?"

"నాదే. బయట ఇంకా పదిమంది కాచుకునున్నారు. త్వరగా కానియ్యమన్నారు. వాడు 'నే, నే' అని ఆగిపోయాడు. మొహమంతా చెమట. నేను చూళ్ళేకపోయా. నువ్వే గదరా అన్నాను. ఊపాడు. ఔనంటున్నాడండీ అని చెప్పేశా. మిగతాదంతా గుమాస్తా రాసుకున్నాడు. అప్పట్నించీ నాకు కంటిమీద కునుకు లేదు."

"మీరు అన్నం తింటన్నారా పంతులుగారూ?"

"తిట్టు పిచ్చమ్మా. తిడితేనే నాకు నయం."

"తిట్టటానికి నోరు రావటంలా. నాలుగు నెలలుగా మీరొస్తే వాడు బయటపడతాడని ఊళ్ళో చెప్పుకు తిరుగుతున్నా. ఆ హెబ్రీ మాట సంగతి చెప్తా నన్ను తిప్పుకుంటిరి."

"సోమవారం వస్తా. నేను తొందరపడి మాట అందించానని జడ్జీగారి ముందు ఒప్పుకుంటా. బళ్ళోంచి తీసేస్తే తీసేయనీ."

"వాడికి ఉరి తప్పిద్దా?"

"తప్పించాలి. అయితే ఈసారి నా మాట కాదు, వాడి మాట చెప్పాలి. ఏసోబూ, ఇట్టా దగ్గరికి రారా. ఆ పొద్దు ఏం జరిగిందో చెప్పు. సాయంత్రమైనా సరే, కూర్చుంటా."

"న... న... న..."

"నన్నెందుకు పట్టుకొచ్చారని అడుగుతున్నాడు..."

"నువ్వు అందించమాక పిచ్చమ్మా. రానీ."

"న... నవ్వారు."

"ఎవరు?"

"క... కళ్ళంలో. లా... లా... లాభం అ... అనమని."

"అవును పంతులుగారూ. జొన్నలు కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనకుండా లాభం అంటారు గదా. ఆ ఒక్క మాటా వీడి చేత పలికించి, గోపాలకృష్ణయ్యగారూ ఆయన మనుషులూ పొట్టలు పట్టుకుని..."

"పిచ్చమ్మా, నీకు దణ్ణం పెడతా. వాణ్ణి చెప్పనీ."

"య... య... యల్లమంద న... నవ్వలా."

"సరే నాయనా. చెప్పు. మేమెవరం మాట్లాడం."

"అం... అం... అంటించేటప్పుడు... ఆ... ఆడ పడుకునున్నాడని... నా... నాకు తెలవదు."