వందన గారి పుస్తకం

గిద్దలూరు, రాచర్ల గేటు దగ్గర ఒక అద్దె ఇల్లు. ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చిన మధ్యాహ్నం. వసారాలో మంచం మీద ఇద్దరు కూర్చుని ఫోన్ చూస్తున్నారు: ఏడాది కిందట శ్యాంసన్‌ను పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చిన ప్రేమకుమారి, అతని మొదటి భార్య కూతురు, ఇంటర్ చదువుతున్న ఫెబీ.

“ఇది వద్దు. ఇంకోటి చూపించు.”

“నువ్వు సరిగ్గా చూడనే లేదు పిన్నమ్మా.”

“చూసినా. ‘చెంగావి’ గదా. అదొక్కటి వద్దని ముందే చెప్పినా. ఆడోళ్ల పుస్తకాలు లోకంలో అదొక్కటేనా ఉండేది?”

“చానా ఉండాయి. ఇది మనింటికి ముందు నుంచి వస్తాది గదా, అందుకని…”

“అందుకనే వద్దనేది. మీ నాయన దోర్నాల హోటలుకు పనికి పోతా పోతా ఏమన్నాడు? ‘ప్రేమా, నీకు నచ్చిన పుస్తకం ఒకటి ఏడాదికి చందా కట్టించుకో, ఫెబీ చూపిస్తాది’ అన్నాడా లేదా?”

“అన్నాడు.”

“నాకు నచ్చింది అన్నాడు. నీకు నచ్చింది అన్లేదు. పైకి జరుపు.”

“ఇదో, ఇది ‘మెరుపుతీగ’.”

“ఇది బాగుంది. ఆ అమ్మాయి జాకెట్టు వెనక చూడు, ఎన్ని ముడులో. ఇది కట్టు.”

“దాంట్లో సగం రాశిఫలాలే. మనకెందుకు అవి? పక్కింటి రోజక్క చూసిందంటే సాయంత్రానికి పాస్టరమ్మ చెవిలో ఉంటాది.”

“ఆ పేజీలు చించేస్తా.”

“ప్రతి నెలా చించుకుంటా కూర్చుంటావా?”

“సరేలే, ఇంకోటి.”

“ఇది ఇంగ్లీషుది.”

“బొమ్మలకు ఇంగ్లీషేంది, తెలుగేంది?”

“ఆ బట్టలు మన గిద్దలూరులో ఎవరు కుడతారు? చూడు, ఈమె కట్టుకునింది చీరో గౌనో నాకే తెలీలేదు. ఇట్లాటిది కట్టుకోని నంద్యాల బస్సెక్కితే ఘాటు రోడ్డు దాటేదాకా అందరూ నిన్నే చూస్తారు.”

“చూస్తే చూడనీ. ఒక్కరోజన్నా నన్ను చూడనీ.”

“అట్లంటావేంది?”

“ఏమీ లేదు. ఆ కింద పచ్చ అట్టది ఏంది?”

“అది వంటలది. కొర్రలతో అది, రాగులతో ఇది…”

“అంటే నేను వండేది మీకు నోట్లో పెట్టుకునేట్టు లేదా?”

“అయ్యో, నేనెప్పుడన్నా? దాంట్లో ఫ్యాషన్ లేదంటన్నా.”

“ఏది చూసినా ఏదో ఒక వంక పెడతన్నావే. మెరుపుతీగకు జాతకాలంటివి, ఇంగ్లీషుదానికి కుట్టేవాళ్లు లేరంటివి, దీనికి ఫ్యాషన్ లేదంటివి. తిప్పి తిప్పి మళ్లీ ఆ చెంగావి కాడికే తెస్తావు.”

“నేనేం తేలేదు.”

“మీ నాయన చెప్పినాడా అట్ల చూపించమని?”

“నాయనకేం తెలుసు పుస్తకాల సంగతి?”

“ఆయనకే తెలుసు. మొన్న ఫోన్ వచ్చింది. ఆయన స్నానానికి పోయింటే నేనెత్తినా. ‘వందన గారేనాండీ’ అనింది ఒకామె.”

“…ఎవరు?”

“చెంగావి ఆఫీసామె. ఎంత తియ్యగా మాట్లాడిందో. ‘మీ చందా ఈ నెలతో అయిపోతుందండీ, మళ్లీ కడతారా వందన గారూ’ అని. నేను వందనను కాదన్నా. ‘మరి మీరెవరండీ’ అనింది.”

“ఏం చెప్పినావు?”

“ఏం చెప్పాల? నువ్వు చెప్పు ఫెబీ, ఏం చెప్పాల నేను? పెట్టేసినా.”

“ఆమెకు తెలీక…”

“ఆమెకు తెలీదులే. తెలిసినోళ్ల సంగతి చెప్పు. మీ అమ్మ పోయి రెండేండ్లాయె. పోయిన మనిషి పేరు మీద నెల నెలా రంగురంగుల పుస్తకం దానంతట అదే వస్తాదా? మీ నాయన కడతన్నాడు. నాకు కొబ్బరినూనె సీసా తేవాలంటే నాలుగుసార్లు గుర్తు చెయ్యాల ఆ మనిషికి. ఆమెకు మాత్రం నెల తప్పకుండా పుస్తకం.”

“నాయన కట్టడం లేదు.”

“అడిగినా. ఎవరు తెప్పిస్తన్నారయ్యా ఇది అని మొగాన్నే అడిగినా. ‘వస్తాంది గదా, రానీలే’ అన్నాడు. తల ఎత్తలేదు. ఆ పుస్తకాన్ని ఎట్ల పట్టుకుంటాడో చూసినావా? చేతులు తుడుచుకొని పట్టుకుంటాడు. బైబిలుకు గూడా అంత భయం లేదు.”

“పిన్నమ్మా…”

“క్రిస్మస్‌కు దాంట్లో చూసే గదా నేను బుట్టచేతుల జాకెట్టు కుట్టించుకునింది. ఎంత ఆశగా తొడుక్కోని పోయి ముందర నిలబడినానో. ‘ఆమె గూడా ఇట్లనే…’ అని ఆపేసినాడు. మాట మింగేసినాడు. అనేసినా బాగుండు. మళ్లీ ఆ జాకెట్టు తొడిగిందే లేదు నేను.”

“నీకు బాగుంది అది.”

“ఎవరికి బాగుంది? నాకా, ఆమెకా? ఇయ్యాల చర్చిలో చూస్తివి గదా. కిటికీ కాడ గాలి వస్తాది గదాని చాప మీద కూర్చున్నా. రోజక్క మోచేత్తో పొడిచి, ‘ఇటు జరుగు ప్రేమా, అది వందన చోటు’ అనింది. జరిగినా. ఖాళీగా ఉంది ఫెబీ! ఆరాధన అయిపోయేదాకా ఖాళీగానే ఉంది. లేని మనిషికి చోటుంది. ఉండే మనిషి జరగాల.”

“రోజక్క నోరు అంతే. నేను చెప్తాలే ఆమెకు.”

“నువ్వేం చెప్పొద్దు. బతికుండే మనిషయితే నేనే పోట్లాడుకుందును. జుట్టన్నా పట్టుకుందును. పోయినామెతో ఎట్ల పోట్లాడేది? ఆమెకింక వయసు రాదు, ఒళ్లు రాదు, కోపం రాదు. కూరలో ఉప్పు ఎక్కువ కాదు.”

“అమ్మ చానాసార్లు ఉప్పెక్కువ వేసేది.”

“…నిజంగానా?”

“నిజంగా. నాయన నీళ్లు కలుపుకోని తినేవాడు.”

“ఆ మాట నాకు ఎవరూ చెప్పరేంది?”

“నువ్వు అడగవు గదా.”

“సరే, మాట మార్చొద్దు. మెరుపుతీగే కట్టు. పేరు ప్రేమకుమారి అని కొట్టు. చెంగావి ఇంక ఈ ఇంటికి రాదు. రాకపోతే మీ నాయన ఏం చేస్తాడో చూస్తా.”

“నాయన ఏం చెయ్యడు.”

“మరి కొట్టు. …కొట్టమంటే ఫోన్ పట్టుకోని అట్ల చూస్తావేంది? ఫెబీ? ఏయ్, ఏడుస్తన్నావా?”

“లేదు.”

“కండ్లలో నీళ్లు పెట్టుకోని లేదంటావేంది? నిన్నేమన్నానని? నా కడుపుమంటంతా మీ నాయన మీద.”

“నాయన కాదు పిన్నమ్మా. నేను.”

“నువ్వేంది?”

“చెంగావి కట్టింది నేను. అమ్మ పోయిన నెలకు. మార్కాపురంలో బైబిల్ క్విజ్జులో గెలిచినా చూడు, ఆ డబ్బులతో రెండేండ్లకు కట్టినా. అప్పుడు నాకు ఫోన్ లేదు. నాయన నెంబరు ఇచ్చినా.”

“నువ్వా? ఆమె చదివేదనా?”

“అమ్మ ఎప్పుడూ కొనలేదు. నాకు జుట్టు కత్తిరించేదానికి బ్యూటీ పార్లర్‌కు తీసుకపోతే, ఆడ కూర్చోని చూసేది. నా వంతు వస్తే, ‘మా పాపకు తొందరేం లేదు, మీరు పోండి’ అని వెనకామెను పంపేది. అట్ల పుస్తకం అయిపోయేదాకా ముగ్గురు నలుగుర్ని పంపేది.”

“మరి మీ నాయన?”

“అమ్మే బతికుండంగ కట్టిపోయింది అనుకుంటన్నాడు. నేను కాదని చెప్పలేదు.”

“రెండేండ్లు నోరు తెరవలేదా నువ్వు?”

“చెప్తే పిచ్చిపిల్ల అంటారు గదా.”

“పిచ్చే గదా మరి. చదువుకోవాలంటే నీ పేరు మీదే తెప్పించుకోవచ్చు గదా?”

“నేను చదవను పిన్నమ్మా. అట్ట గూడా తిప్పను.”

“మరి ఎందుకే?”

“అందరూ అమ్మ గురించి మాట్లాడతారు. అమ్మను ఎవరూ పిలవరు. ఇంట్లో ఉండే మనిషిని పిల్చినట్టు… పోస్టాయన ఒక్కడే. అమ్మ పోయినాకే ఈ ఊరికొచ్చినాడు, ఆయనకేం తెలీదు. నెలకొకసారి బండి ఆపి గేటు కాడ నిలబడి ‘వందన గారూ’ అని గట్టిగా పిలుస్తాడు. లోపల్నుంచి వస్తాదేమో అన్నట్టు చూస్తాడు గూడా. ఆ పిలుపు కోసం కట్టినా నేను.”

“అందుకా!”

“పిన్నమ్మా? కోపమొచ్చిందా?”

“ఆ పిలుపు నాకూ వినబడతాది ఫెబీ. విన్నప్పుడల్లా దబ్బున కొళాయి తిప్పేదాన్ని, ఇంక చెవుల్లో పడకుండా.”

“నాకు తెలీదు.”

“నాకు మాత్రం తెలుసునా? …ఫోన్లో చెంగావి తియ్యి.”

“మెరుపుతీగ అన్నావు గదా?”

“తియ్యమన్నా గదా. పాత పేరే ఉండనీ.”

“మరి నీకు?”

“నాకు కావాల్సింది జాకెట్టు బొమ్మలు. ఎవరి పేరు మీద వస్తే ఏముంది? పూర్తిగా మంట పోయిందనుకోవద్దు. ఉంది. కట్టు ముందు. …ఇంతకీ పోస్టాయన వచ్చేది పగలు గదా, నువ్వు కాలేజీలో ఉంటావు గదా?”

“నెల మొదట్లో కడుపునొప్పని చెప్పి ఇంట్లో ఉంటా చూడు…”

“ఓహో. దానికా ఆ కషాయాలన్నీ కాచి పోసింది నేను?”

“తాగినా గదా పిన్నమ్మా అన్నీ. వచ్చే నెల మాత్రం ప్రాక్టికల్సు. పోవాల్సిందే.”

“అయితే నేను పోవాల గేటు కాడికి. ఆయన అట్ల పిలిస్తే… నేను పలకాల్నా?”

“పలుకు. కానీ వెంటనే పలకొద్దు పిన్నమ్మా. రెండుసార్లు పిలవనియ్.”