బాక్సులో లైటు

హలో… ఆఁ, నేనే, రత్నమాణిక్యాన్నే. ఈ ఇంట్లో ఫోనెత్తడానికి నేను కాక ఇంకెవరున్నారు?

ఎవరూ… దుర్గాశ్రీయేనా! అబ్బో, తోడికోడలు గుర్తొచ్చిందే ఇవాళ. అందుకేనన్నమాట ఈ వాన.

ఏంటీ?… నెట్టా?… పొద్దుట్నుంచీ రావట్లేదా! అయ్యో పాపం. మీ ఒక్కింటికేనా, వీధి వీధంతానా?…

అన్ని ఇళ్ళకీనా! ఎన్నే మొత్తం మీ కనెక్షన్లు, నలభయ్యా?… నలభై పైనా. వాళ్ళందరూ నీకే ఫోన్లు చేస్తున్నారన్నమాట. మీ ఆయన వైర్లు లాగుతాడు, నువ్వు తిట్లు తింటావు. బాగా పంచుకున్నారే కాపురం.

సరే, నన్నేం చెయ్యమంటావు?…

బాక్సులో లైటా?

అదేంటే, పొద్దున్న మీ ఆయన, మా బంగార్రాజు కూడా ఫోన్ చేసి అదే అడిగాడు. "వదినా, డాబా మీద మన బాక్సులో ఆకుపచ్చ లైటు వెలుగుతోందా" అని. వెలుగుతోందని చెప్పాను… మళ్ళీ చూడాలా? మూడంతస్తులెక్కి, ఈ మోకాళ్ళతోనా?… హైమని పంపాలా? మా పిల్ల తల దువ్వుకుంటోందమ్మా. ఈ వానలో డాబా మీదకెళ్తే జలుబు చేస్తుంది.

చూద్దాంలే, కంగారెందుకు? ముందు కాస్త కూర్చో. నీతో నాకు వేరే పనుంది…

నీకు అర్జంటైతే నాకూ అర్జంటే. సాయంత్రం మీ బావగారు రొయ్యల చెరువుల మీంచి వచ్చేసరికి నేనొక మాట తేల్చి చెప్పాలి. టెలిఫోన్ వాళ్ళిచ్చే బ్రాడ్‌బ్యాండు పెట్టించుకుందామా, మీ నెట్టే ఉంచుకుందామా అని.

…ఎందుకంటే ఏంటి? ఇష్టం. నిన్న వాళ్ళ మనిషొచ్చి చెప్పెళ్ళాడు. ఫోను ఎలాగూ ఉంది గదా, ఆ తీగ మీదే వచ్చేస్తుందట. మోడెమ్ కూడా వాళ్ళే ఇస్తారట. ఎన్ని తుఫాన్లొచ్చినా మా ఫోను ఒక్కసారి కూడా కట్టవ్వలేదు. నీకు తెలుసుగా.

ఆఁ… మీరు మాకు ఊరికే ఇస్తున్నారు, కాదన్నానా? ఊరికే అంటే? డాబా మాది, కరెంటు మాది, ప్లగ్గు మాది. మా కరెంటుతో మీ వ్యాపారం. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది. ఈ వీధిలో మూడంతస్తులు మాకొక్కళ్ళకే ఉన్నాయి గనక ఆ బాక్సు తెచ్చి మా నెత్తిన పెట్టారు. అక్కణ్ణించేగా అన్ని ఇళ్ళకీ వైర్లు వెళ్ళేది. మాకు మీ నెట్ వద్దనుకున్నాక బాక్సు మాత్రం మా డాబా మీద ఎందుకుంటుంది?… ఆ, అదే. నువ్వు డిగ్రీ చదివినదానివి. విడమర్చి చెప్పాలా?

అదొక్కటేనా! మేం ఏది పెట్టించుకుంటే వీధిలో అందరూ అదే పెట్టించుకుంటారు. మా ఇంట్లో పెట్టించామనేగా మీ నెట్ కూడా ఇంతమంది తీసుకున్నారు. రేపు మేం మారితే…

ఏడుస్తున్నావా?… లేదా. జలుబా. సరే, జలుబే అనుకుంటాను.

వినవే. నేను అన్యాయంగా మాట్లాడే మనిషిని కాదు. మంచీ చెడూ రెండూ చూస్తాను. మీలో మంచి ముందు చెప్తాను, సంతోషించు.

మీ నెట్‌కి లెక్కాడొక్కా లేదు. హైమ పగలంతా పాటలు దించుకున్నా అడిగేవాడు లేడు. వాళ్ళదైతే ఎంత వాడితే అంత మీటరు తిరుగుతుందట. లెక్క దాటితే బిల్లు చూసి మీ బావగారు ఇల్లెక్కి అరుస్తారు.

తర్వాత, పిలిస్తే పలుకుతాడు మా బంగార్రాజు. ఆ మాట ఒప్పుకోవాలి. కంచంలో చెయ్యి కడుక్కుని వచ్చేస్తాడు. వాళ్ళదైతే కంప్లయింటిచ్చి గుమ్మంలో కూర్చోవాలి.

అన్నిటికంటే పెద్ద మంచి ఇంకోటుంది. మీదైతే తిట్టడానికి మనిషి దొరుకుతాడు. వాళ్ళదైతే ఎవర్ని తిడతాం?… నవ్వవేంటే? మీ మంచే చెప్తున్నాను.

ఆఁ, ఇక చెడు. సాయంత్రమైతే నత్తనడక. ఒక్క పైపుకి ఊరందరూ కుళాయిలు బిగిస్తే ధారెక్కడొస్తుంది? మొన్న హైమ ఇంటర్ మార్కులు చూసుకోబోతే సగం పేజీ వచ్చి ఆగింది. ఇంగ్లీషు మార్కులు కనపడ్డాయి, లెక్కల మార్కుల కోసం అర్ధరాత్రి దాకా కూర్చుంది పిల్ల. కరెంటు పోతే మీ నెట్టూ పోతుంది. ఉరుమురిమితే ఎవరింట్లో ఏది కాలిపోతుందో తెలీదు. కొబ్బరిమట్ట రాలితే వైరు తెగుతుంది. అసలు కొబ్బరిచెట్ల మీంచి లాగమని ఎవరు చెప్పారే?…

కరెంటు స్తంభాల మీంచి ఒప్పుకోలేదా. అందుకని చెట్లు. బాగుంది.

…ఎక్కడున్నాడూ మీ ఆయన? కాలవ గట్టు మీదా? ఈ వానలోనా?… చెట్టుచెట్టూ ఎక్కి చూస్తున్నాడా! దింపువాళ్ళనెవర్నైనా ఎక్కించకపోయాడా? ఆ కాయలు కోసే ఏసురాజో, ఇంకెవరో…

ఆ, నిజమే. తడిసిన చెట్టు దింపువాళ్ళెక్కరు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ చెట్ల మీద బతికేవాళ్ళే ఎక్కరు, మా మరిది ఎక్కుతాడు! కాశీవిశ్వనాథరాజుగారి తమ్ముడు, మొలకి తాడు కట్టుకుని, కొబ్బరిచెట్టు. మా మామగారు ముందే పోయారు గనక సరిపోయింది. లేకపోతే ఇది చూసి ఇవాళ పోయేవారు.

చక్కగా అన్నతోపాటు రొయ్యల చెరువులు చూసుకోరా అంటే, వాటా వదులుకుని ఈ కేబుల్ నెట్ పెట్టాడు. ఎవరి మాట విని పెట్టాడో… నేనేం అన్లేదు. నీ పేరెత్తానా? భుజాలు నువ్వే తడుముకుంటున్నావు.

మళ్ళీ అదే మాట! బాక్సు, బాక్సు. లైటు వెలక్కపోతే లోపం మా ఇంట్లో ఉన్నట్టు, వెలిగితే బాక్సుకొచ్చే మెయిన్ వైరు దారిలో ఎక్కడో తెగినట్టు. అంతేగా?… వెలుగుతోందన్నాను గనక దారంతా వెతుక్కుంటున్నాడు. తెలిసిందమ్మా. ఆ మాత్రం నాకూ తెలుస్తుంది. మౌసు పట్టుకోవడం రాకపోతే ఏం.

…ఏ మౌసంటే? మర్చిపోయావా?

నేను మర్చిపోలేదు. మీ నెట్ మా ఇంట్లో కొత్తగా పెట్టిన రోజు. ఆ మౌసుని నేను టీవీ రిమోట్ అనుకుని గాల్లోకెత్తి కంప్యూటరు వైపు చూపించి నొక్కాను. నువ్వు నవ్వావు. నవ్వితే నవ్వావు, ఇంట్లో మాట, పోనీ అనుకున్నాను. పెద్దాపురం పెళ్ళిలో ఏం చేశావు? భోజనాల దగ్గర, బంతి బంతంతా వినేలాగ, చేత్తో పట్టి చూపించి మరీ చెప్పావు. చుట్టాలు నవ్వారు. వడ్డించేవాళ్ళు కూడా నవ్వారు. సాంబారు బకెట్టు పట్టుకున్నవాడు నవ్వాపుకోలేక నా విస్తరి దాటేసి వెళ్ళిపోయాడు. ఒట్టన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాను నేను, అందరి మొహాలూ చూస్తూ. హైమ కూడా నవ్వింది. నా కడుపున పుట్టింది.

…సరదాకా?

సరదాకే అన్నావు. తెలుసు. ఇప్పుడు నాదీ సరదాయే.

క్షమించమని ఎందుకులే. పెద్దదాన్ని, క్షమించకేం చేస్తాను. ముందు ఈ లెక్క పూర్తి కానీ. మంచీ చెడూ అన్నీ అయ్యాయి గానీ ఒక్కటి మిగిలిపోయింది. సర్వీసు. చెడిపోతే ఎంతసేపటికి బాగుచేస్తారు? అది మాటల్లో తేలేది కాదు గదా. కుండ కొనేటప్పుడు కొట్టి చూడమా? అలాగే నేనూ చూశాను…

ఎలా అంటే… కాఫీ తాగి, పైకెళ్ళి, మీ బాక్సు ప్లగ్గు పీకేశాను. నేనే. ఈ మోకాళ్ళతోనే, మూడంతస్తులూ ఎక్కి.

…హలో?… ఉన్నావా?

ఏ లైటూ లేదు. బాక్సు ఆరిపోయి పడుంది… మీ ఆయన అడిగినప్పుడా? వెలుగుతోందనే చెప్పాను. లేదంటే వెంటనే వచ్చి ప్లగ్గు పెట్టుకుని పోతాడు. ఇంక పరీక్షేముంది? పొద్దుట్నుంచీ చూస్తున్నాను. మధ్యాహ్నమైంది. ఇంతవరకూ కనుక్కోలేకపోయాడు. మీ సర్వీసుకి సున్నా వేసుకున్నాను.

అరవకు…

నా మీద అరవకు దుర్గా! పెద్దంతరం చిన్నంతరం లేదా? నీ దగ్గర సెల్లు వేరే ఉంది గదా, చేసి దిగమను. వైరేం తెగలేదు, మీ వదినగారు సరదాపడ్డారు, దిగిరా అని చెప్పు. ఎవరొద్దన్నారు?… ఆ, చెయ్యి. ఈ ఫోను పెట్టెయ్యకు, నేను లైన్లోనే ఉంటాను. ఏమంటాడో నాకూ వినాలనుంది.

—హైమా, ఆ టీవీ తగ్గించవే. మీ పిన్ని మీ బాబాయికి సెల్ చేస్తోంది. ష్… నవ్వకు, వినపడుతుంది—

ఎత్తాడా?… ఎవరూ?…

ఏసురాజా? బంగార్రాజు సెల్లు వాడెత్తాడేంటి?…

చొక్కా విప్పి వాడి చేతికిచ్చి ఎక్కాడా. ఎక్కొద్దండీ అన్నా వినలేదా. సరే, ఇప్పుడు దిగమనమను… 

ఏంటీ?… గట్టిగా చెప్పవే… దుర్గా, ఏడిస్తే నాకు అర్థం కాదు, మాట చెప్పు…

ఎక్కడ్నుంచీ?

…మొవ్వు దగ్గర్నుంచా? అంత పైనుంచా?

కింద ఇసకేగా… గట్టు రాళ్ళా.

…స్పృహలో ఉన్నాడా? ఉన్నాడుగా, అమ్మయ్య… కాళ్ళు?… రెండూనా?… గిల్లి చూశారా?… తెలీట్లేదంటున్నాడా.

మాట్లాడుతున్నాడుగా? ఏమంటున్నాడు?…

…ఏంటీ?

"ఈ చెట్టు దగ్గరా వైరు బాగానే ఉంది, దుర్గకి చెప్పండి" అనా? అదేనా అంటున్నాడు?…

అదే అంటున్నాడా, మళ్ళీ మళ్ళీ.

…

కారా?… ఉంది. వాకిట్లోనే ఉంది. డ్రైవరు జ్ఞానప్రకాశం వరండాలోనే ఉన్నాడు. మీ బావగారు ఇవాళ మోటర్‌సైకిలు మీద వెళ్ళారు, కారు ఇక్కడే ఉంది. పంపిస్తాను. రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళచ్చు, కాలవ గట్టు మీంచి అడ్డదారిన…

—హైమా! హైమా, నువ్వు పరిగెత్తి డాబా మీదకెళ్ళి ఆ బాక్సు ప్లగ్గు పెట్టెయ్. ఎందుకని అడక్కు, ఎళ్ళు! ఎవరైనా అడిగితే పొద్దుట్నుంచీ పెట్టే ఉందని చెప్పు—

దుర్గా, ఉన్నావా? పెట్టెయ్యకు, ఒక్క మాట విను. పంపిస్తున్నానే, పంపనని ఎవరన్నారు? ముందు ఇది విను…

ఇందాక నేనన్నది… ఆ ప్లగ్గు సంగతి. మీ బావగారితో అనకు. ఎవరితోనూ అనకు. బంగార్రాజుతో అసలే అనకు. వాన పడింది, చెట్టు జారింది. అంతేగా జరిగింది? వానలో ఎక్కమని నేను చెప్పానా? ఏసురాజు వద్దన్నా ఎక్కాడు, నువ్వే అన్నావు ఇప్పుడు.

…విను, విను. బాక్సు మా డాబా మీదే ఉంచుకోండి. ఎన్నాళ్ళైనా. ఆ టెలిఫోన్ వాళ్ళది నాకొద్దు. మీదే మంచిది, నాకు మొదట్నుంచీ మీదే పెట్టుకోవాలని. వీధిలో ఇంకో పదిమందికి నేనే చెప్పి పెట్టిస్తాను. నీకు కావల్సింది అదేగా?

మాట్లాడవేంటే?… ఏడవకు, మాట చెప్పు.

అనను అని ఒక్క ముక్క అను. ఇప్పుడే జ్ఞానప్రకాశానికి తాళాలిచ్చేస్తాను. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి, చూడు. నువ్వు అనను అన్నావంటే కారు గేటు దాటుతుంది. వాడు అక్కడ రాళ్ళ మీద పడున్నాడే, ఆలస్యం చేస్తున్నది నువ్వా నేనా?

అను దుర్గా. అను, తల్లీ…

హలో?… దుర్గా?

హలో… హలో…

—హైమా, దిగొచ్చావా? చూడవే, ఫోను కట్టయిపోయింది. వానకి లైను పోయినట్టుంది… ఉండు, మళ్ళీ చూస్తాను…

…

టోన్ వస్తోంది.

లైను బాగానే ఉంది.