కూలికి తెచ్చిన కత్తి

కదలకండి మామా, తెగుతుంది. తెగితే మీకు నొప్పి, నాకు కొరడా. ఆ అష్షూరు సిపాయి దానిమ్మకాయ వొలుచుకుంటూ మనల్నే చూస్తున్నాడు. కుడి చెంప ఒక్కటే గీయమన్నాడు, ఎడమది అలాగే ఉంచాలట. ఓడిపోయిన మన లాకీషు పెద్దలు సగం గడ్డంతో ముందు నడుస్తుంటే వాళ్ల రాజుగారికి మహా వేడుక.

నీళ్లా? నీళ్లెక్కడివి, ఉమ్మి రాసి గీస్తున్నాను. అసహ్యంగా ఉందా? ఉంటుంది మరి.

యెరూషలేము ప్రవక్త మాట మన ఊరికి చేరిన రోజు గుర్తుందా? దేవుడు నది అవతల నుంచి కూలికి ఓ మంగలికత్తి తెప్పిస్తాడు, మన తలా గడ్డం గొరిగిస్తాడు అన్నాట్ట. ఊరి గుమ్మంలో తీర్పులు చెప్పే మీరు పదిమందిలో పగలబడి నవ్వారు. "మా అల్లుడికి పని దొరికిందిరోయ్" అన్నారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను?

కత్తంటే అష్షూరు రాజేనని, ప్రవక్త ఏదో మాటవరసకి అన్నాడని అనుకున్నాం. నిజంగా కత్తేనని, అది నా చేతిలోనే ఉంటుందని ఎవడనుకున్నాడు?

కూలి కూడా ముట్టింది మామా. చెప్తాను, తల తిప్పకండి.

పట్టుబడ్డ వాళ్లందరివీ ఒకటే మసి, ఒకటే చిరుగులు. అందులో పెద్దలెవరో వాళ్లకెలా తెలిసిందంటారు? అడిగారు. నేను మిమ్మల్ని చూపించాను.

అలా చూడకండి. పొద్దున ఆడవాళ్ల వరుసలో మన యెరూషాని చూశారా? చూసుండరు, కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. కట్టుబట్ట లాగేసి తాడుకి కట్టారు. దారి పొడుగునా అలాగే నడిపిస్తారట. "పెద్దని చూపించు, నీ పెళ్లానికి గుడ్డ ఇస్తాం" అన్నాడు వాళ్ల దుబాసీ. ఇచ్చారు. గోనెగుడ్డే, అయినా మోకాళ్ల దాకా వచ్చింది. అది కప్పుకుని మీకోసమే వెతుకుతోంది.

ఏంటి, తల ఊపుతున్నారు? మంచి పని చేశావంటారా? ముందే అడిగుంటే నేనే లేచి నిలబడేవాణ్ణి కదా అంటారా?

తెలుసు మామా. అందుకే అడగలేదు. అడిగుంటే కూతురి కోసం గడ్డమిచ్చిన మహానుభావుడని చెరలో కూడా మీ పేరే చెప్పుకునేవాళ్లు. గడ్డాలు కత్తిరించేవాడికి పిల్లనిచ్చానని పదేళ్లు నా మొహం చూడకుండా మాట్లాడారు. ఆ గొప్ప కూడా మీకు దక్కనివ్వబుద్ధి కాలేదు.

అయింది, లేవండి. యెరూషా కనబడితే మాత్రం నేను చూపించానని చెప్పకండి. దీనికైతే మిమ్మల్ని అడుగుతున్నాను.