ఆదిశేషు గారు చదివిన పేర్లు

ఏవమ్మా రేణూ, కాలేజీ పేపర్‌కా? బోర్డర్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగాలు ఎందుకు పెరుగుతాయి, ఎందుకు పోతాయి అనా? భలేవాణ్ణే పట్టుకున్నావు! దాని మీద రిపోర్ట్ రాసి మరీ వెధవనయ్యాను నేను. ఆదిశేషు గారిని అడగాల్సింది, ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది పాపం. ఎయిటీటూలో, ఎల్ పాసోలో, ఆ కంపెనీలో మేమిద్దరమే తెలుగువాళ్ళం. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. కార్లలో వేసే వైర్ల కట్టలు చేసేవాళ్ళం. ఇటు అమెరికా వైపు చిన్న లైన్, తొంభైమంది ఆడవాళ్ళు, ఆయన సూపర్‌వైజర్. వంతెన దాటితే మెక్సికో, అక్కడ హ్వారెజ్‌లో పెద్ద ప్లాంట్. నేనేమో ప్లానింగ్. టై కట్టుకుని గ్రాఫులు గీసేవాణ్ణి. ఆ టై కూడా మీ ఆంటీయే కట్టేది, నాకు రాదుగా. వచ్చే ఏడాదికి ఎంతమంది కావాలో చెప్పమన్నాడు బాస్. కార్లు అమ్ముడుపోవట్లేదు కదాని, హ్వారెజ్‌లో మూడొందలమందిని తీసెయ్యొచ్చని గీశాను. లంచ్‌లో ఆదిశేషు గారు చూసి, "ఒరేయ్, కార్లొక్కటే చూశావు. వాళ్ళ డబ్బు, పెసో, పడిపోయింది కదా, అక్కడి జీతం మనకిప్పుడు డాలర్లలో సగమే. తియ్యర్రా, ఇంకా చేర్చుకుంటారు" అన్నారు, పెరుగన్నం కలుపుకుంటూ. అంతే. గబగబా వెళ్ళి గ్రాఫు తిరగేసి గీసి, నా బుర్రలోంచే ఊడిపడ్డట్టు ఇచ్చేశాను. "స్మార్ట్ గై, రామ్!" అని బాస్ భుజం తట్టాడు. వారం రోజులు నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు! అక్కడంత చవకైతే ఇక్కడి లైన్ ఎందుకుంచుతారన్నది మాత్రం ఇంత పెద్ద ఇంజనీరుకీ తట్టలేదమ్మా.

మార్చిలో ఆర్డరొచ్చింది. హ్వారెజ్‌లో నాలుగొందలమందిని చేర్చుకోవాలి, ఇక్కడ తొంభైమందినీ పంపెయ్యాలి. ఆదిశేషు గారితో కలిపి తొంభైఒకటి. పేర్లు చదవాల్సింది నేను. కడుపునొప్పని చెప్పి రెస్ట్‌రూమ్‌లో దూరాను. తలుపవతల ఆయన గొంతు వినపడుతూనే ఉంది. ఆ స్పానిష్ పేర్లు ఒక్కొక్కటీ మెల్లగా, ఒక్క తప్పు లేకుండా చదివారు. ఎవరో ఆవిడ ఏడ్చింది. చివర్న తన పేరు కూడా ఆయనే చదువుకున్నారు. ఎక్కడో ఉత్తరాన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంకో ఉద్యోగం చూసుకుని ఆయన వెళ్ళిపోయే రోజు, సామాను ఎక్కిస్తూ అడిగాను, ఆ రిపోర్ట్ నాదని ఆ ఆడవాళ్ళకెందుకు చెప్పలేదండీ అని. "చెప్పాన్రా. వాడికంత తెలివెక్కడిదని ఎవ్వరూ నమ్మలేదు" అన్నారు. ఇద్దరం పడీ పడీ నవ్వాం. కారెక్కి తలుపేసుకున్నాక, అటు రోడ్డుకేసి చూస్తూ, "అయినా ఆ పెసో మాట నీకు చెప్పింది నేనే కదరా" అన్నారు... ఆఁ. టీ పెట్టనా? పాలున్నాయో లేదో చూడాలి.